ఫోను మింగింది చేతి కన్సోల్‌నా, చవక కన్సోల్‌నా?

వర్ధన్ (బెజవాడ) · శనివారం, రాత్రి 9:12

దసరాకు ఇల్లు సర్దుతుంటే అల్మరా అడుగున 2008లో కొన్న పీఎస్‌పీ (చేతిలో పట్టుకుని ఆడే సోనీ కన్సోల్) బయటపడింది. రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచి ఉదయం మీట నెట్టగానే, ఎప్పుడో మధ్యలో వదిలేసిన ఆట తాలూకు సేవ్ ఫైలుతో సహా తెరుచుకుంది. పదో తరగతి చదువుతున్న మా మేనల్లుడు రెండు రోజులు దాన్ని చేతి నుంచి దించలేదు. మూడో రోజు, "మామయ్యా, ఇలాంటిది కొత్తది కొనిపెడతావా?" అని అడిగాడు. వాడి దగ్గర మంచి ఫోను ఉంది, అందులో ఆటలకు కొదవ లేదు. అవుననో కాదనో చెప్పే ముందు, ఈ వస్తువుకు అసలు ముందు రోజులు ఉన్నాయా అన్నది తేల్చుకోవాలనిపించి ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

2011 నాటికే చాలామంది చేతి కన్సోల్‌కు తిలోదకాలు ఇచ్చేశారు. వారి లెక్క తప్పని కూడా చెప్పలేం. 2008 జూలైలో ఐఫోన్ యాప్ స్టోర్ తెరుచుకుంది, మరుసటి ఏడాది చివరికి యాంగ్రీ బర్డ్స్ వచ్చింది, ఒక డాలరుకు లోపే ఆట దొరుకుతుంటే ముప్ఫై నలభై డాలర్లు పెట్టి కన్సోల్‌లో దూర్చే ఆట కాసెట్ ఎవరు కొంటారన్న ప్రశ్న పుట్టింది. మొత్తం మీద 15.4 కోట్లు అమ్ముడైన నింటెండో డీఎస్‌కు వారసుడిగా 2011లో వచ్చిన 3డీఎస్ అమెరికాలో 249.99 డాలర్ల ధరతో మొదలై, ఆరు నెలలు తిరగకుండానే, ఆగస్టులో 169.99కి దిగిపోయింది. నింటెండో అప్పటి అధ్యక్షుడు సతోరు ఇవాటా తన జీతాన్ని సగానికి కోసుకున్నారు. చివరికి 3డీఎస్ దాదాపు 7.6 కోట్ల దగ్గర ఆగింది, అంటే డీఎస్‌లో సగం. అదే ఏడాది డిసెంబరులో జపాన్‌లో విడుదలైన సోనీ వీటా తయారీ 2019లో నిలిచిపోయింది, దాని తరవాత ఆ వంశంలో మరొకటి పుట్టలేదు.

కథ అక్కడితో ముగియాలి. ముగియలేదు. 2017 మార్చి 3న వచ్చిన నింటెండో స్విచ్ ఇప్పటికి 15 కోట్లు దాటింది. 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2 మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలు అమ్ముడైంది.

అయితే ధరలను వరసగా పెట్టి చూస్తే నాకు వేరే బొమ్మ కనిపిస్తోంది. 2006లో డీఎస్ లైట్ 129.99 డాలర్లు. 2017లో స్విచ్ 299.99. 2025లో స్విచ్ 2 ధర 449.99, అదే ఏడాది అక్టోబరులో వచ్చిన ఆసుస్ కంపెనీ చేతి కన్సోల్ ఆర్‌ఓజీ ఎక్స్‌బాక్స్ అల్లై ఎక్స్ 999.99. ఫోను చేతి కన్సోల్‌ను చంపలేదు గాని, పిల్లవాడి పుట్టినరోజుకు పెద్దగా ఆలోచించకుండా కొనిచ్చే చవక కన్సోల్‌ను మాత్రం చంపింది. మిగిలింది మేడ మీదికి ఎక్కి కూర్చుంది. ఇది నా వాదన. తప్పయితే చెప్పండి.

హాస్టల్ గది 214 · శనివారం, రాత్రి 10:03

వర్ధన్ గారూ, మీ లెక్కలన్నీ పెట్టె ధర చుట్టూ తిరుగుతున్నాయి. మా గదిలో నలుగురం ఉంటాం, నలుగురమూ రాత్రి పదింటికి బీజీఎంఐలో (పబ్జీకి మన దేశపు రూపం) కూర్చుంటాం. మాకు ఆట అంటే అందులో ఉన్న మనుషులు. పక్క మంచం మీద ఉన్నవాడు, కాకినాడలో ఉన్న ఇంటర్ స్నేహితుడు, నాకు ముఖం తెలియని మరొకడు, అందరూ ఒకే చోట దొరుకుతారు. నేను డబ్బు కూడబెట్టి స్విచ్ కొన్నా ఆడటానికి తోడు ఎవరొస్తారు? మా అంతస్తులో ఎవరి దగ్గరా లేదు.

పైగా ఆట ఉచితం. ఫోను ఎలాగూ చదువుకు, డబ్బు పంపటానికి, ఇంటికి మాట్లాడటానికి కొన్నాం. ఆటల కోసం విడిగా ఖర్చుపెట్టిందల్లా వెనక తగిలించుకునే చిన్న ఫ్యాను, పై అంచుకు బిగించే రెండు ట్రిగ్గర్ మీటలు, చెమటకు వేళ్లు జారకుండా తొడుక్కునే తొడుగులు. వాటితో ఏ కన్సోల్‌కూ తీసిపోకుండా ఆడుతున్నాను.

సోల్డరింగ్ బాబాయి · ఆదివారం, ఉదయం 7:40

గది 214 నాయనా, ఫ్యాను, మీటలు, తొడుగులు అని నువ్వే రాశావు. ఫోనుకు లేనివన్నీ ఒక్కొక్కటిగా కొని తగిలించుకుంటూ పోతే చివరికి నీ చేతిలో తయారైనది ఏమిటో ఒకసారి చూసుకో. చేతి కన్సోల్‌ను విడిభాగాలుగా కొన్నావు, అంతే.

నేను ఇరవై రెండేళ్లుగా ఇవన్నీ విప్పి బిగిస్తున్నవాణ్ణి కనుక లోపలి సంగతి చెబుతాను. ఫోనులో ఉండే చిప్పు శక్తికి తక్కువేమీ కాదు, ఖరీదైన ఫోనయితే కన్సోల్ చిప్పును మించిపోతుంది కూడా. చిక్కంతా వేడి దగ్గర. ఫోనుకు వీపు పలకే రేడియేటరు. ఆ పలక అరచేతిని కాల్చకుండా గాలిలోకి వదలగలిగే వేడి నాలుగైదు వాట్లకు మించదు. పెద్ద ఆట మొదలైనప్పుడు చిప్పు అంతకంటే ఎక్కువే తాగుతుంది, పది పదిహేను నిమిషాలకు వీపు వేడెక్కుతుంది, అప్పుడు ఫోను తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, తెర వెలుగు కూడా దించేస్తుంది. స్టీమ్ డెక్ అనే చేతి కన్సోల్‌ను విప్పితే చిప్పు మీద రాగి గొట్టం, దాని చివర రేకులు, ఆ పక్కన ఫ్యాను కనిపిస్తాయి. ఆ ఏర్పాటు వల్లే అది పదిహేను వాట్లను గంటల తరబడి భరిస్తుంది. అందుకే దాని బరువు 669 గ్రాములు, ఫోను బరువు రెండు వందలు. మంచం మీద వెల్లకిలా పడుకుని ఆడుతూ కునుకు తీసినవాళ్లకు ఆ తేడా ముక్కు మీద తెలుస్తుంది.

రెండోది బొటనవేలు. గాజు మీద గీసిన బటన్‌కు అంచు ఉండదు. వేలు ఎక్కడుందో వేలికి తెలియదు, కన్ను చూసి చెప్పాలి. కన్నేమో ఆటలో ఉండాలి. అసలు బటన్ కింద చిన్న రబ్బరు బుడిపె ఉంటుంది, దాని అడుగున కార్బన్ బిళ్ల. నొక్కినప్పుడు బుడిపె ఒక్క క్షణం ఎదురు నిలిచి, తరవాత లొంగుతుంది. ఆ ఎదురు నిలవటమే వేలికి అందే కబురు. ఫోను వణికి ఇచ్చే కబురు అంతా అయ్యాక వచ్చేది, ఇది ముందే వచ్చేది. నా దుకాణానికి వచ్చే పిల్లల చేత పాత బటన్ ఒకటి నొక్కించి ఈ తేడా చూపిస్తుంటాను.

అలాగని కన్సోల్ గొప్పలు చెప్పటానికి రాయటం లేదు. బొటనవేలితో తిప్పే స్టిక్కుల లోపల కార్బన్ పూత మీద రాచుకుంటూ తిరిగే సన్న రేకు ఉంటుంది. పూత అరిగిందంటే మనం వేలు తీసేసినా బొమ్మ దానంతట అదే నడుస్తుంది. దుకాణాలకు మరమ్మతుకొచ్చే కన్సోళ్లలో ఈ రోగానిదే పెద్ద వాటా. అయస్కాంతంతో పనిచేసే స్టిక్కులు దీనికి మందు. వాటిలో రాపిడి లేదు కనుక అరుగుదల లేదు. కొత్తది కొనేవాళ్లు తెర ఎన్ని అంగుళాలని అడిగే ముందు స్టిక్కు ఏ రకమని అడగాలి.

కోడు రాసే కోటేశు (హైదరాబాదు) · ఆదివారం, ఉదయం 11:25

మొబైల్ ఆటలు తయారుచేసే చోట పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. బాబాయి గారు చెప్పిన బటన్, వేడి నిజమే గాని, నా దృష్టిలో అసలు తేడా డబ్బు ఏ దారిన వస్తుందన్న దగ్గర ఉంది. ఆట ఆకారాన్ని నిర్ణయించేది అదే.

దీనికి ఇప్పటికీ నేను చెప్పే ఉదాహరణ నింటెండోనే. 2015 మార్చిలో డీఎన్ఏ అనే జపాన్ మొబైల్ కంపెనీతో చేతులు కలిపి, మరుసటి ఏడాది డిసెంబరులో ఐఫోన్ మీద సూపర్ మారియో రన్ విడుదల చేసింది. మొదటి కొన్ని అంకాలు ఉచితం, మిగతా ఆటంతా ఒక్కసారి 9.99 డాలర్లు కడితే శాశ్వతంగా మనది. ప్రకటనలు లేవు, నాణేల అమ్మకం లేదు. మారియో పేరున్నా, కోట్లమంది దింపుకున్నా, డబ్బు కట్టినవారు కంపెనీ ఆశించినంతమంది లేరు. రెండు నెలల తరవాత అదే కంపెనీ నుంచి వచ్చిన ఫైర్ ఎంబ్లెమ్ హీరోస్ ఉచితం, అందులో వీరులు లాటరీ చీటీల్లాగా పైకి వస్తారు. అది మారియో కంటే ఎంతో ఎక్కువ సంపాదించింది. అంటే ఫోను మీద నిజాయితీగా ధర చెప్పి అమ్మినవాడి కంటే ఉచితమని చెప్పి చీటీలు అమ్మినవాడే బాగుపడ్డాడు. నేను అదే కొలువులో ఉన్నాను కనుక ఈ మాట అనటానికి నాకు హక్కుందనుకుంటున్నాను.

మా దగ్గర కొత్త ఆట బల్ల మీదికి వచ్చినప్పుడు మొదట వేసే ప్రశ్న 'ఒక విడత ఎంతసేపు?' అన్నది. మూడు నిమిషాలు దాటితే అనుమానంగా చూస్తారు. ఆడేవాడికి మధ్యలో ఫోను రావచ్చు, ఓటీపీ రావచ్చు, బస్సు దిగవలసి రావచ్చు. రెండో ప్రశ్న 'రేపు మళ్లీ ఎందుకు తెరుస్తాడు?' అన్నది. 'ఈ ఆట ఎలా ముగుస్తుంది?' అని మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. ముగిస్తే ఆడేవాడు వెళ్లిపోతాడు కదా.

మన ఊరి సంగతి ఒకటి కొత్తవాళ్లకు తెలియకపోవచ్చు. 2009లో హైదరాబాదు స్టూడియో గేమ్‌శాస్త్ర సోనీ టీవీ కన్సోల్ పీఎస్2తో పాటు పీఎస్‌పీకి కూడా దేశీ అడ్డా అనే ఆట తయారుచేసింది. కబడ్డీ, గిల్లీ దండా, గాలిపటాలు అందులో ఉన్నాయి, ప్రచురించింది సోనీయే. అంటే మనవాళ్లు చేతి కన్సోల్‌కు ఆట చేయగలరని అప్పుడే రుజువైంది. ఆ తరవాత ఆ దారి ఎందుకు మూసుకుపోయిందంటే, ఇక్కడ కొనేవాళ్లు ఫోనులోకి వెళ్లిపోయారు, మేమూ వాళ్ల వెనకే వెళ్లాం. పుణేకు చెందిన నాడింగ్ హెడ్స్ చేసిన రాజీ 2020 ఆగస్టులో అన్నిటికంటే ముందు స్విచ్ మీద విడుదలైంది. ఆ స్విచ్ మన దేశంలో అధికారికంగా అమ్మకానికే రాలేదు. మన పురాణాల నీడలో మన దేశంలో తయారైన ఆటను మన దేశంవాళ్లు మొదటి రోజున ఆడాలంటే దిగుమతి దుకాణాన్ని వెతుక్కోవలసి వచ్చింది.

ఫ్రిస్కో అమ్మ · ఆదివారం, రాత్రి 8:50

మా ఇంట్లో పదేళ్లవాడు, పన్నెండేళ్లది ఉన్నారు. హైస్కూలు దాకా ఫోను లేదన్నది మా ఆయనా నేనూ పెట్టుకున్న నియమం. స్విచ్ లైట్ ఒకటి ఉంది, ఇద్దరూ వంతులు వేసుకుంటారు. దాన్ని నేను కొన్నది బటన్ల కోసమో వేడి కోసమో కాదు. అందులో వాట్సాప్ లేదు, రీల్స్ లేవు, ప్రకటనలు లేవు. చేతకానితనమే దాని సుగుణం. ఫోను అన్నీ చేయగలదు కనుకనే పిల్లల చేతికి ఇవ్వటానికి భయపడుతున్నాను, ఇది ఒక్కటే చేయగలదు కనుక నిశ్చింతగా ఇచ్చి వంటింట్లోకి వెళ్లగలుగుతున్నాను. అమెరికాలో నాలాంటి తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. చేతి కన్సోల్ భవిష్యత్తు గురించి మాట్లాడేవాళ్లు మమ్మల్ని లెక్కలో వేసుకోవటం లేదనిపిస్తుంది.

కోటేశు గారు ఆట ముగియటం గురించి రాశారు. మా వాడు మొన్న శనివారం సాయంత్రం ఒక ఆట పూర్తిచేశాడు. తెర మీద పేర్లు కిందనుంచి పైకి వెళుతుంటే లేచి నిలబడి చివరిదాకా చూశాడు. తరవాత కాసెట్ తీసి డబ్బాలో పెట్టి, "అయిపోయింది, రేపు లైబ్రరీలో ఇచ్చేద్దాం" అన్నాడు. అవునండీ, మా ఊరి లైబ్రరీ పుస్తకాలతో పాటు వీటిని కూడా అరువిస్తుంది. ఫోను ఆటను ఎవరూ అరువివ్వలేరు.

అయితే ఆ సుఖం కూడా తరిగిపోతోంది. స్విచ్ 2కు వస్తున్న కొన్ని కాసెట్లలో ఆటే ఉండదు, ఆటను దింపుకోవటానికి తాళం చెవి మాత్రం ఉంటుంది. డబ్బా మీద ఆ సంగతి రాసి ఉంటుంది, నిజమే. మారియో కార్ట్ వరల్డ్ ఒక్కదాని డిజిటల్ ధరే 79.99 డాలర్లు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అది చిన్న మాట కాదు. ఈ ఒక్క విషయంలో వర్ధన్ గారి వాదనకు నేను సాక్షిని.

కాసెట్ల కామేశం · ఆదివారం, రాత్రి 11:31

ధర గురించి వర్ధన్ గారు చెప్పినదాన్ని కాస్త వెనక నుంచి చూద్దాం. చేతి కన్సోల్ మొదట చవకగా ఎందుకు ఉండేదో తెలిస్తే, ఇప్పుడు ఎందుకు లేదో తెలుస్తుంది.

1989లో గేమ్ బాయ్ తయారుచేసిన గున్‌పెయ్ యొకోయ్‌ది ఒక సూత్రం. కొత్తగా వచ్చిన ఖరీదైన సాంకేతికత వెంట పడకూడదు. అందరికీ చేతికొచ్చి, ధర పడిపోయి, లోపాలన్నీ తెలిసిపోయిన పాత భాగాలను తీసుకుని వాటితో కొత్త ఉపయోగం ఆలోచించాలి. అందుకే గేమ్ బాయ్‌కి రంగుల తెర లేదు, వెనక దీపం కూడా లేదు. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో పది గంటలకు పైగా నడిచేది. మరుసటి ఏడాది సెగా తెచ్చిన గేమ్ గేర్‌లో రంగులున్నాయి, వెలుగు ఉంది, ఆరు సెల్స్ మింగి మూడు నుంచి ఐదు గంటల్లో ఆరిపోయేది. కంటికి గేమ్ గేరే గొప్ప. జేబుకు గేమ్ బాయ్ గొప్ప. గేమ్ బాయ్, దాని తరవాతి గేమ్ బాయ్ కలర్ కలిపి దాదాపు 11.9 కోట్లు అమ్ముడయ్యాయి. గల్ఫ్ యుద్ధంలో కాలిపోయి, పైతొడుగంతా కరిగిపోయినా తెర వెలిగే గేమ్ బాయ్ ఒకదాన్ని న్యూయార్క్‌లోని నింటెండో దుకాణంలో అద్దాల పెట్టెలో చాలా ఏళ్లు ఉంచారు.

మన దగ్గర అవి చూసినవాళ్లు తక్కువ. నాకైతే కోఠిలో కొన్న '9999 ఇన్ 1' బ్రిక్ గేమే చేతి కన్సోల్. నిజానికి అందులో పదో పదిహేనో ఆటలు ఉండేవి, వేగాలు మార్చి వేలల్లో లెక్కపెట్టేవారు. పేరు గొప్ప ఊరు దిబ్బ అయినా, ఎండాకాలం సెలవులు దానితోనే గడిచాయి.

భద్రపరచటం గురించి ఒక మాట. 2017లో ఐఫోన్‌కు ఐఓఎస్ 11 వచ్చినప్పుడు 32 బిట్‌ల పాత యాప్‌లన్నీ ఒక్క దెబ్బతో పనిచేయటం మానేశాయి. డబ్బు పెట్టి కొన్న ఆటలు, తయారీదారు తిరగరాయకపోతే, అంతే సంగతులు. ఐఫోన్ శక్తిని చూపించటానికి ఒకప్పుడు వేదికల మీద ప్రదర్శించిన ఇన్ఫినిటీ బ్లేడ్‌ను 2018 చివర స్టోర్ నుంచే తీసేశారు. నా దగ్గరున్న ముప్ఫై ఏళ్ల కాసెట్ మాత్రం నిన్న కూడా ఆడింది. కన్సోల్ కంపెనీలు పుణ్యమూర్తులని దీని అర్థం కాదు. 3డీఎస్ ఆన్‌లైన్ దుకాణాన్ని 2023 మార్చి 27న మూసేశారు. వీటా దుకాణం మూస్తామని 2021లో ప్రకటించి, ఆడేవాళ్లు గొడవ చేశాక వెనక్కి తగ్గారు. వస్తువుగా ఉన్నదే మిగులుతుంది, అద్దెకున్నది పోతుంది. ఫ్రిస్కో అమ్మ గారు చెప్పిన తాళం చెవి కాసెట్లను చూస్తే నాకు దిగులు కలిగేది అందుకే.

మల్కాజిగిరి మురళి · సోమవారం, ఉదయం 9:05

చవక కన్సోల్ చచ్చిపోయిందని వర్ధన్ గారు రాశారు. అది బతికే ఉంది, చిరునామా మారిందంతే. చైనా కంపెనీలు ఆన్‌బెర్నిక్, మియూ, రెట్రాయిడ్ చేస్తున్నవి చూడండి. నా జేబులో ఉన్నది అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, ధర మామూలు ఫోనులో సగం కూడా కాదు. ఇలాంటివాటిలో చాలావాటికి వాడే రాక్‌చిప్, ఆల్‌విన్నర్ చిప్పులు నిజానికి చవక ట్యాబ్లెట్లకూ టీవీ పెట్టెలకూ తయారైనవి. కామేశం గారు చెప్పిన యొకోయ్ సూత్రం ఇదే కదా!

ఇంకో ముక్క. ఫోనును చేతి కన్సోల్‌కు శత్రువుగా చూస్తున్నాం గాని, అదే దీనికి తల్లి కూడా. ఫోన్లు కోట్ల లెక్కన తయారు కాబట్టే చిన్న తెరలు, పల్చటి లిథియం బ్యాటరీలు, తక్కువ కరెంటు తాగే చిప్పులు ఇంత చవకయ్యాయి. 2017 స్విచ్‌లో పెట్టిన టెగ్రా ఎక్స్1 కూడా 2015 నాటి చిప్పే, ఫోన్లు ట్యాబ్లెట్ల కోసం పెరిగిన వంశానిదే. ఫోను లేకపోతే స్విచ్ లేదు.

నిర్వాహకులు · సోమవారం, ఉదయం 9:30

మురళి గారి టపా కింద ఆటల ఫైళ్లు దొరికే లింకులు పెట్టిన రెండు వ్యాఖ్యలను తొలగించాం. ఎమ్యులేటర్ల (పాత యంత్రాల ఆటలను కొత్తవాటి మీద ఆడించే ప్రోగ్రాముల) గురించి ఎంతైనా చర్చించవచ్చు, కాపీ చేసిన ఆటల చిరునామాలు మాత్రం ఇక్కడ వద్దు.

వర్ధన్ (బెజవాడ) · సోమవారం, రాత్రి 9:48

మురళి గారు నా వాదనలో పెద్ద కన్నమే పెట్టారు. ఒప్పుకుంటున్నాను, సవరించుకుంటున్నాను. చవక పెట్టె బతికే ఉంది. కానీ దానికోసం కొత్త ఆట ఎవరు రాస్తున్నారు? మీ జేబులో ఉన్నది ముప్ఫై ఏళ్ల కిందటి ఆటలను ఆడించే యంత్రం. డీఎస్ లైట్ చవకగా ఉండటమే కాదు, ప్రతి నెలా దానికి కొత్త ఆటలు వచ్చేవి. చవక పెట్టె, కొత్త ఆట అన్న జంట విడిపోయింది. ఆ జంటలో కొత్త ఆటను ఫోను తీసుకుపోయింది, చవక పెట్టెకు జ్ఞాపకాలు మిగిలాయి.

దీనికి మినహాయింపుగా నాకు తట్టేది 2022లో వచ్చిన ప్లేడేట్ ఒక్కటే. నలుపు తెలుపు తెర, పక్కన తిప్పే చేతి మర, అప్పట్లో 179 డాలర్లు, దానికోసమే రాసిన చిన్న చిన్న ఆటలు. ముచ్చటైన వస్తువే గాని, కోట్లలో అమ్ముడయ్యేది కాదు, అలా అమ్మాలని చేసినదీ కాదు.

ఇక పై మెట్టు. 2022లో 399 డాలర్లతో వచ్చిన స్టీమ్ డెక్ ఒక మంచి పని చేసింది. కంప్యూటర్ కోసం అప్పటికే కొనుక్కున్న ఆటలను చేతిలోకి తెచ్చింది. దాని కోసం కొత్తగా ఆటలు రాయించుకోవలసిన అవసరమే లేదు, వీటా చచ్చిపోయింది ఆ కొరతతోనే కదా. మన దేశంలో డెక్ అధికారికంగా దొరకదు. ఆర్‌ఓజీ అల్లై 2023 జూలైలో 69,990 రూపాయలకు వచ్చింది. ఆ డబ్బుతో ల్యాప్‌టాప్ వస్తుందని మా బావగారు అంటారు, అన్నారు కూడా.

హాస్టల్ గది 214 · సోమవారం, రాత్రి 11:15

నేనూ కొంత ఒప్పుకోవాలి. బాబాయి గారి మాట విని నిన్న రాత్రి ఫ్యాను తీసేసి ఆడాను. పన్నెండో నిమిషంలో తెర వెలుగు దిగిపోయింది.

ఉచితమన్న మాట మీద కూడా ఆలోచించాను. 2020 సెప్టెంబరులో పబ్జీ పోయింది, బీజీఎంఐ వచ్చింది, 2022 జూలైలో అదీ పోయింది, 2023 మేలో తిరిగొచ్చింది. మధ్యలో పది నెలలు మా బృందం చెదిరిపోయింది. కొన్న దుస్తులు, తుపాకీ రంగులు ఏవీ మా చేతిలో ఉన్నవి కావని అప్పుడు తెలిసింది. కామేశం గారి కాసెట్‌కు ఆ భయం లేదు.

అయినా నా మొదటి ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. తోడు ఎవరు? కన్సోల్ కొన్నవాడికి ఆట ముగుస్తుందేమో గాని, మాకు ఆట పేరుతో నడిచే కబుర్లు ముగియకూడదు. సెమిస్టరు అయ్యాక ఎవరి ఊరికి వాళ్లం వెళ్లిపోయినా రాత్రి పదింటికి కలుసుకునే చోటు అదొక్కటే.

కోడు రాసే కోటేశు (హైదరాబాదు) · మంగళవారం, ఉదయం 8:20

గది 214 తమ్ముడి ప్రశ్నే ఈ చర్చలో అన్నిటికంటే గట్టిది, దానికి చేతి కన్సోల్ దగ్గర మన దేశంలో జవాబు లేదు. జపాన్‌లో ఉండేది. పీఎస్‌పీ రోజుల్లో అక్కడి పిల్లలు నలుగురేసి ఒకచోట చేరి మాన్‌స్టర్ హంటర్ ఆడేవారు, ఆ యంత్రం అక్కడ అంతగా అమ్ముడవటానికి పెద్ద కారణం అదే. గుంపు ఎక్కడుంటే యంత్రం అక్కడికి పోతుంది. మన గుంపు ఫోనులో ఉంది.

ఇందులో ధరకు సంబంధించి ఇంకో చిక్కు వచ్చిపడింది. 2025 చివరి నెలల నుంచి డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ చిప్పుల ధరలు ఎగబాకాయి. ఫోను కంపెనీ కొనేదీ, కన్సోల్ కంపెనీ కొనేదీ అదే మెమరీ. ఫోనును రకరకాల ధరల్లో అమ్ముతారు కనుక భారాన్ని అటూ ఇటూ సర్దుకోవచ్చు. ఒకే ధరకు ఏళ్ల తరబడి అమ్మవలసిన కన్సోల్‌కు ఆ వెసులుబాటు తక్కువ. మురళి గారు తల్లి అన్నారు గాని, ఆ తల్లికి ఇప్పుడు ఇంకా ఆకలిగల బిడ్డ ఒకడు పుట్టాడు.

సోల్డరింగ్ బాబాయి · మంగళవారం, మధ్యాహ్నం 1:10

వర్ధన్ గారూ, చర్చ ఎంత పెరిగినా మీ మేనల్లుడు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు. కుర్రవాణ్ణి కూర్చోబెట్టి, ఆడాలనుకుంటున్న ఆటలన్నీ కాగితం మీద రాయించండి. యంత్రం పేరు రాయనివ్వకండి, ఆటల పేర్లే. ఆ కాగితం చూస్తే ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో తెలిసిపోతుంది. దుకాణానికి వచ్చే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే.

వర్ధన్ (బెజవాడ) · బుధవారం, రాత్రి 9:05

బాబాయి గారూ, రాయించాను. ఆరు పేర్లు రాశాడు. మైన్‌క్రాఫ్ట్, స్టార్‌డ్యూ వ్యాలీ, డెడ్ సెల్స్ మూడూ ఫోనులో దొరుకుతాయి, ఒక్కసారి డబ్బు కడితే చాలు, ప్రకటనలు లేవు. హాలో నైట్ సిల్క్‌సాంగ్ ఫోనులో లేదు, ఇంట్లో ఉన్న మా ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. మిగిలినవి జెల్డా, మారియో కార్ట్ వరల్డ్. ఆ రెండూ నింటెండో పెట్టె మీద తప్ప ఇంకెక్కడా లేవు, ఆ కంపెనీ బలమంతా అక్కడే ఉందని ఆ కాగితం చూశాక అర్థమైంది. మారియో కార్ట్ ఎందుకు రాశావని అడిగితే, యూట్యూబ్‌లో చూశానన్నాడు. ఎవరితో ఆడతావంటే కాసేపు ఆలోచించి దాని పేరు వాడే కొట్టేశాడు. జెల్డా పేరు కింద మాత్రం గీత గీశాడు.

ఒక్క ఆట కోసం పెట్టె కొనే ధైర్యం నాకు లేదు. ఫోనుకు రెండు వైపులా బిగించే బటన్ల కంట్రోలర్ ఒకటి తెప్పిస్తున్నాను, స్టిక్కులు అయస్కాంతం రకమేనని అమ్మేవాణ్ణి రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాను. శుక్రవారానికి వస్తుందట. డెడ్ సెల్స్‌తో మొదలుపెడతాం. పదో తరగతి పరీక్షలు అయ్యాక, ఆ గీత కాగితం మీద అలాగే ఉంటే, పాత స్విచ్ ఒకటి ఎక్కడ దొరుకుతుందో మళ్లీ మిమ్మల్నే అడుగుతాను.